జహ్రా శివారు నగరాలు, కువైట్ గృహ సంక్షేమ సంస్థ

నిర్వచనం, పరిధి

కువైట్ నగరానికి పడమరగా సుమారు 32 కిలోమీటర్ల దూరంలో జహ్రా ఉంది. దాని చుట్టూ 1970ల నుంచి ఒకదాని పక్కన ఒకటిగా లేచిన నివాస ప్రాంతాలను జహ్రా శివారు నగరాలు అంటాము. నయీం, నసీం, కస్ర్, ఉయూన్, వాహా, తైమా పట్టణాన్ని అంటిపెట్టుకుని ఉన్నవి. సాద్ అల్ అబ్దుల్లా నగరం ఆ తరువాత వచ్చింది. ముత్లా నగరం ఇంకా ఉత్తరాన, ఎడారిలో, ఈ మధ్యనే రూపు దిద్దుకుంటోంది.

మన ఊళ్లలో శివారు వెంచరు అనగానే ఒక ప్రైవేటు కంపెనీ, దాని బ్రోచరు, సైటు ఆఫీసు, రిజిస్ట్రేషన్ గుర్తుకొస్తాయి. జహ్రాలో భూమిని సేకరించినది, లేఅవుట్ గీయించినది, రోడ్లు వేయించినది, ప్లాట్లు పంచినది ప్రభుత్వ సంస్థ. 1974లో జాతీయ గృహనిర్మాణ సంస్థగా మొదలై, 1993 నుంచి ప్రభుత్వ గృహ సంక్షేమ సంస్థ పేరుతో నడుస్తున్న ఈ విభాగాన్ని కువైటీలు, పత్రికలు పొట్టిగా ‘సకనియ్యా’ అంటారు. జహ్రా శివార్ల చరిత్ర చాలా వరకు దీని చరిత్రే. ప్రైవేటు రియల్ ఎస్టేట్ కంపెనీలు ఇక్కడ అంచుల్లోనే కనిపిస్తాయి. వాటిని అంచుల్లో నిలిపిన చట్టాల గురించి వేరే శీర్షిక కింద ఉంది (చూ. ప్రైవేటు కంపెనీలు).

స్థల నేపథ్యం: ఒయాసిస్సు, కోట, యుద్ధం

చమురుకు ముందు జహ్రా ఖర్జూర తోటలు, బావులు ఉన్న చిన్న వ్యవసాయ గ్రామం. కువైట్ అఖాతం కొన వద్ద, బాస్రాకు, నజ్ద్ ఎడారికి పోయే దారుల కూడలిలో ఉండటం వల్ల దానికి సైనిక ప్రాధాన్యం కూడా ఉండేది. కువైట్ పాలకుడు షేక్ ముబారక్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ కట్టించిన మట్టికోటను ఎర్రకోట అంటారు. 1920 అక్టోబర్ 10న ఫైసల్ అల్ దువైష్ నాయకత్వంలో నజ్ద్‌కు చెందిన ఇఖ్వాన్ దళాలు జహ్రా మీద పడ్డప్పుడు, అప్పటి పాలకుడు షేక్ సాలిం అల్ ముబారక్ తన మనుషులతో ఈ కోటలోకి చేరి నిలదొక్కుకున్నాడు. అదే ఏడాది కువైట్ నగరం చుట్టూ కట్టిన మూడో ప్రాకారానికి ఉన్న ద్వారాల్లో ఒకటి జహ్రా ద్వారం. 1957లో ప్రాకారాన్ని పడగొట్టినా ద్వారాలను ఉంచేశారు.

జహ్రా గవర్నరేట్ 1979లో ఏర్పడింది. కువైట్‌లోని ఆరు గవర్నరేట్లలో విస్తీర్ణంలో ఇదే పెద్దది, దేశ భూభాగంలో సగానికి పైగా దీని పరిధిలోనే ఉంది. ఇరాక్ సరిహద్దు దగ్గరి అబ్దలీ పొలాలు, సౌదీ వైపు సాల్మీ, సముద్రంలో బుబియాన్, వర్బా ద్వీపాలు దీనివే. 1960లో మంచినీటి నిల్వలు బయటపడ్డ రౌదతైన్ కూడా ఈ గవర్నరేట్‌లోదే. ఖాళీ నేల ఇంతగా ఉండటం వల్లనే ఆ తరువాతి ప్రణాళికల్లో గృహనిర్మాణం ఉత్తరానికి, పడమరకు మళ్లింది.

చమురు తరువాతి తొలి ప్రణాళికలు (1946–1973)

1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. రాబడి పెరగడంతో ప్రభుత్వం బ్రిటిష్ ప్రణాళికా సంస్థ మినోప్రియో, స్పెన్స్‌లీ, మక్‌ఫర్లేన్‌కు నగర ప్రణాళిక అప్పగించింది. 1952లో ఖరారైన ఆ ప్రణాళికలో పాత పట్టణం వాణిజ్య కేంద్రంగా మారాలి, జనం ప్రాకారం బయట కొత్త పేటల్లోకి తరలాలి. పేటలను అర్ధవలయాలుగా సాగే రింగు రోడ్ల మధ్య అమర్చారు. షామియా, కైఫాన్, ఫైహా, దస్మా, ఖాద్సియా ఇలా పుట్టినవే.

ఒక్కో పేట తనంతట తాను నడిచేలా మధ్యలో బడి, మసీదు, క్లినిక్కు, అంగళ్లు ఉంటాయి. 1962లో కైఫాన్‌లో తొలి సహకార దుకాణం తెరిచాక ఇది ప్రతి పేటకూ తప్పనిసరి అంగమైంది. కువైట్‌లో పనిచేసిన తెలుగువారు ‘జమియా’ అనేది దీన్నే. జహ్రా కొత్త పేటలూ ఈ నమూనా మీదే నడుస్తాయి.

పాత పట్టణంలోని ఇళ్లను ప్రభుత్వం మార్కెట్ ధర కన్నా చాలా ఎక్కువకు కొని, వాటి యజమానులకు బయట పేటల్లో తక్కువ ధరకు ప్లాట్లు ఇచ్చేది. చమురు రాబడిని పౌరులకు పంచడానికి ఎంచుకున్న దారుల్లో ఇదొకటి. పట్టణంలో ఇల్లున్నవారికి దీనివల్ల డబ్బు వచ్చింది. ఇల్లే లేని సంచార కుటుంబాలకు అందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు. జహ్రా కథ ఇక్కడే మిగిలిన కువైట్ కథ నుంచి వేరుపడుతుంది.

1950, 60లలో చమురు కంపెనీ పనులకు, సైన్యంలోకి, పోలీసులోకి వచ్చిన బెదూయిన్ కుటుంబాలు జహ్రా చుట్టూ, అహ్మదీ వైపు రేకులు, చెక్కలతో గుడిసెలు వేసుకున్నాయి. వాటిని అరబ్బీలో ‘ఇషిష్’ అనేవారు. జహ్రా పరిసరాల్లో ముతైర్, షమ్మర్, అనజా, జఫీర్ తదితర తెగలవారు ఎక్కువ. 1960లో ఏర్పడ్డ రుణ బ్యాంకు (1965 నుంచి పొదుపు, రుణ బ్యాంకు, ఇప్పుడు కువైట్ క్రెడిట్ బ్యాంకు) పౌరులకు ఇంటి అప్పులు ఇచ్చినా, గుడిసెల్లో ఉన్నవారికి అది ఒక్కటే సరిపోలేదు. నేలా, ఇల్లూ రెండూ ప్రభుత్వమే సమకూర్చవలసి వచ్చింది.

జాతీయ గృహనిర్మాణ సంస్థ (1974–1993)

1973 చివర చమురు ధర నాలుగింతలయ్యాక ప్రభుత్వానికి డబ్బు కొరత లేదు. 1974లో 15వ నంబరు చట్టంతో జాతీయ గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. అంతకుముందు పలు శాఖల మధ్య చెదిరి ఉన్న గృహనిర్మాణం ఒక గొడుగు కిందికి చేరింది. ఈ సంస్థ స్వయంగా ఇళ్లు కట్టి ఇచ్చేది, ప్లాట్లు కూడా ఇచ్చేది. తక్కువ రాబడి కుటుంబాలకు ఒక రకం ఇళ్లు, మధ్యతరగతికి మరో రకం. గుడిసెలు తొలగించిన చోట ‘షాబియ్యా’ అనే ప్రజా ఇళ్లు వచ్చాయి.

తైమా, సులైబియా ఈ కోవకు చెందినవి. గోడలు కలిసిపోయిన ఒక అంతస్తు ఇళ్లు, చిన్న ప్రహరీ, ఇరుకు వీధులు. వీటిని మొదట తాత్కాలికమనే తలచారు. దశాబ్దాలు గడిచినా అక్కడే ఉన్నవారిలో అధికులు ‘బిదూన్’, అంటే పౌరసత్వం లేనివారు. 1959 పౌరసత్వ చట్టం కింద నమోదు కానివారు, రుజువులు చూపలేనివారు, వారి సంతానం ఇందులోకి వస్తారు. సైన్యంలోను, పోలీసులోను చాలామంది పనిచేసినా, గృహ సంక్షేమం పౌరులకే పరిమితం కావడంతో వీరికి కొత్త పేటల్లో ప్లాటు రాదు. 2011 ఫిబ్రవరిలో తైమాలో బిదూన్లు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. జహ్రా గృహనిర్మాణం గురించి రాసేవారు లెక్కల్లో కట్టిన యూనిట్లను చూపుతారు గాని, ఎవరు వాటి బయట ఉండిపోయారో చెప్పడం మరచిపోతుంటారు.

ఈ దశలో సంస్థకు మరో పాఠం నగరం మధ్యలో ఎదురైంది. ఆర్కిటెక్ట్ ఆర్థర్ ఎరిక్సన్ రూపకల్పనతో కువైట్ నగరంలో సవాబర్ అనే ఫ్లాట్ల సముదాయాన్ని కట్టారు. కువైటీ కుటుంబాలు ఫ్లాట్లలో ఇమడలేదు. అతిథుల దివానియాకు వేరే ద్వారం, ఆడవారికి వేరు భాగం, పెళ్లయిన కొడుకులకు పై అంతస్తు, ఇవన్నీ విడి ఇంటిలోనే సాధ్యం. సముదాయాన్ని చివరికి 2019లో కూల్చారు. పౌరులకు ఫ్లాటు పనికిరాదు, సొంత ప్రహరీ ఉన్న ఇల్లే ఇవ్వాలి అన్న అభిప్రాయం బలపడింది. అందుకే శివారు నగరాలు అడ్డంగా పరుచుకున్నాయి, ఎడారిలోకి దూరం పెరిగింది.

దూరం గురించిన ఆలోచన అంతకుముందే ఉంది. కాలిన్ బుకానన్ సంస్థ 1960ల చివర తయారుచేసిన జాతీయ ప్రణాళికను సవరించినప్పుడు, ఉత్తరాన సుబియా వద్ద, దక్షిణాన ఖీరాన్ వద్ద కొత్త పట్టణాలు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. సుబియా ఇప్పటికీ ఎక్కువగా కాగితం మీదే ఉంది (చూ. ప్రైవేటు కంపెనీలు).

యుద్ధం, విరామం (1990–1991)

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యాలు దిగినప్పుడు జహ్రా వారి దారిలోనే ఉంది. కువైట్ 35వ సాయుధ బ్రిగేడ్ జహ్రాకు దగ్గర్లోని వంతెనల వద్ద ఆ రోజు ప్రతిఘటించింది. 1991 ఫిబ్రవరి చివర వెనుదిరిగిన ఇరాకీ వాహన శ్రేణి మీద ముత్లా కొండ దగ్గర బాంబులు పడ్డాయి. బాస్రా వైపు పోయే 80వ నంబరు రహదారికి ‘మృత్యు రహదారి’ అన్న పేరు ఆ దాడి వల్లే వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్లు గృహనిర్మాణం కన్నా మరమ్మతులు, మందుపాతరల తొలగింపు ముందు వరుసలో నిలిచాయి. కాలిపోయిన ట్యాంకుల ఫొటోలతో ప్రపంచానికి తెలిసిన ఈ కొండ పేరే ఆ తరువాతి పెద్ద గృహ నగరానికి కూడా వచ్చింది.

గృహ సంక్షేమ సంస్థ (1993 నుంచి)

1993లో 47వ నంబరు చట్టం పాత సంస్థ స్థానంలో ప్రభుత్వ గృహ సంక్షేమ సంస్థను నిలిపింది. ప్లాటు ఇవ్వడమా, కట్టిన ఇల్లు ఇవ్వడమా అన్న తూకం క్రమంగా ప్లాటు వైపు ఒరిగింది. సంస్థ నేలను చదును చేసి, రోడ్లు, నీరు, కరెంటు, మురుగు కాలువలు వేసి అప్పగిస్తుంది. ఇంటిని కుటుంబం కట్టుకోవాలి.

ఎలా పనిచేస్తుంది

వివాహితుడైన కువైటీ పురుషుడు కుటుంబ యజమానిగా దరఖాస్తు పెట్టుకుంటాడు. దరఖాస్తు తేదీయే అతని వరుస సంఖ్య. వంతు వచ్చేసరికి పదేళ్లు దాటడం మామూలు. ఆ మధ్యకాలంలో నెలకు 150 దీనార్ల అద్దె భత్యం అందుతుంది. విదేశీయుణ్ణి పెళ్లాడిన కువైటీ మహిళ హక్కులు ఇంత సూటిగా లేవు. ఆమెకు వేరే ఏర్పాట్లు ఉన్నా, పురుషునితో సమానంగా ప్లాటు దక్కదు.

వంతు వచ్చినవారికి ఏ ప్లాటన్నది లాటరీ తీసి తేలుస్తారు. మూల ప్లాటు ఎవరికి, రోడ్డు మీది ప్లాటు ఎవరికి అన్నది అదృష్టం. నచ్చని ప్లాటు వచ్చినవాడు మరొకరితో మార్చుకోవడం కూడా ఉంది. మన హౌసింగ్ బోర్డు కాలనీల డ్రాలను చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

ప్లాటు సాధారణంగా 400 చదరపు మీటర్లు, అంటే దాదాపు 478 చదరపు గజాలు. ఇంటికి క్రెడిట్ బ్యాంకు 70,000 దీనార్ల వడ్డీలేని రుణం ఇస్తుంది. సిమెంటు, ఇనుము లాంటి వాటికి అదనంగా రాయితీ ఉంటుంది. కువైట్ నిర్మాణ ఖర్చులతో పోలిస్తే ఆ రుణంతో మూడంతస్తుల ఇల్లు ముగియదు. మిగతాది కుటుంబం పొదుపో, బంధువుల సాయమో, బ్యాంకు అప్పో భరిస్తుంది. పై అంతస్తులను కొడుకులకు ఉంచుకోవడమో, అద్దెకు ఇవ్వడమో తరువాతి సంగతి.

సంస్థకు నేల దొరకడమే అన్నిటికన్నా కష్టం. దేశ భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వానిదే అయినా చమురు క్షేత్రాలు, సైనిక భూములు, పశువుల కొట్టాలు, విద్యుత్ లైన్ల దారులు తొలగితేగాని పెద్ద ప్లాటింగు సాగదు. ప్రతి ప్రాజెక్టుకూ పలు సంస్థలు ఒప్పుకోవాలి. ఆలస్యాలకు డబ్బు కన్నా ఇదే ఎక్కువ కారణం.

సాద్ అల్ అబ్దుల్లా నగరం

జహ్రాకు ఆనుకుని ఉన్న ఈ నగరానికి 2006 జనవరిలో కొద్ది రోజులు మాత్రమే అమీర్‌గా ఉన్న షేక్ సాద్ అల్ అబ్దుల్లా పేరు పెట్టారు. 1991 విముక్తి కాలంలో ఆయన యువరాజు, ప్రధానమంత్రి. ఇప్పటికే జనం నిండిన ఈ నగరం జహ్రాకు, రాజధానికి మధ్య రాకపోకల భారాన్ని బాగా పెంచింది.

దానికి దక్షిణాన ప్రతిపాదించిన ‘దక్షిణ సాద్ అల్ అబ్దుల్లా’ మరో పెద్ద ప్రాజెక్టు. 2016లో దక్షిణ కొరియా ప్రభుత్వ భూమి, గృహ సంస్థతో కువైట్ ఒప్పందం చేసుకుని దీన్ని స్మార్ట్ సిటీగా ప్రకటించింది. కానీ ఆ నేలలో పశువుల కొట్టాలతో పాటు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరుపడ్డ పాత టైర్ల గుట్టలు ఉన్నాయి. అర్హియా ప్రాంతంలో పేరుకుపోయిన టైర్లు 4.2 కోట్లకు పైనే. అప్పుడప్పుడు వాటికి మంటలు అంటుకుని రోజుల తరబడి నల్ల పొగ కమ్మేది. 2021లో వాటిని సౌదీ సరిహద్దు దగ్గరి సాల్మీకి తరలించి, రీసైక్లింగ్‌కు ఇచ్చి, స్థలాన్ని 25,000 ఇళ్లకు వదిలినట్టు అధికారులు ప్రకటించారు. నగరానికి రూపు గీసిన ఐదేళ్లకు గాని నేల ఖాళీ కాలేదన్నమాట.

ముత్లా నగరం

సంస్థ చరిత్రలో ఇది అతి పెద్ద ప్రాజెక్టు. కువైట్ నగరానికి వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్లలో, దాదాపు 104 చదరపు కిలోమీటర్ల మీద 28,000కు పైగా ప్లాట్లు, 12 పేటలు, 4 లక్షల జనాభా అంచనా. 2014 తరువాత ఏటా సుమారు 12,000 యూనిట్లు పంచాలన్న లక్ష్యం పెట్టుకున్నప్పుడు దానిలో పెద్ద వాటా ముత్లా నుంచే వచ్చింది. అయితే అవి మొదట కాగితం మీది కేటాయింపులే. ప్లాటు నంబరు చేతికి వచ్చింది, కాలు పెట్టే దారి మాత్రం లేదు.

మౌలిక వసతుల కాంట్రాక్టులు 2016లో ఇచ్చారు. చైనా గెజౌబా సంస్థ ఒక భాగం పట్టింది. ఇటలీకి చెందిన సలీనీ ఇంప్రెజీలో, టర్కీ భాగస్వామి కోలిన్‌తో కలిసి మరో భాగం తీసుకుంది. ఇసుక దిబ్బలను తవ్వి, కొండ వాలును చదును చేసి, వందల కిలోమీటర్ల రోడ్లు, పైపులు వేయాలి. 2020 జనవరిలో పనిస్థలంలో ఇసుక కూలి పలువురు ఆసియా కార్మికులు మరణించారు. కోవిడ్ కాలంలో కార్మికుల కొరతతో పనులు కుంటుపడ్డాయి. ఆ తరువాత కట్టుకునే అనుమతులు వచ్చాక వేలాది కుటుంబాలు ఒకేసారి మొదలుపెట్టడంతో మేస్త్రీలకు, సామగ్రికి గిరాకీ పెరిగింది.

ముత్లా మీద ప్రధానంగా వినిపించే సందేహం దూరం గురించి. రాజధానిలో ప్రభుత్వోద్యోగం, ముత్లాలో ఇల్లు అయితే రోజూ 80 కిలోమీటర్ల ప్రయాణం. కువైట్‌లో రైలు లేదు. 2019లో తెరిచిన షేక్ జాబర్ వంతెన ప్రధాన మార్గం 36 కిలోమీటర్ల మేర అఖాతం మీదుగా సుబియాకు వెళుతుంది గాని ముత్లా ప్రయాణికులకు సూటిగా ఉపయోగపడదు. వైద్యం విషయంలో మాత్రం జహ్రా మెరుగుపడింది. 2018లో ప్రారంభమైన కొత్త జహ్రా ఆసుపత్రి 1,100కు పైగా పడకలతో దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి.

ప్రైవేటు కంపెనీలు

కువైట్ రియల్ ఎస్టేట్ కంపెనీ 1972లో, నేషనల్ రియల్ ఎస్టేట్, యునైటెడ్ రియల్ ఎస్టేట్ కంపెనీలు 1973లో, తమ్దీన్ 1982లో ఏర్పడ్డాయి. కార్యాలయ భవనాలు, అపార్ట్‌మెంట్లు, మాల్స్ వీటి పని. నగర తీరంలోని సూక్ షర్క్ నేషనల్ రియల్ ఎస్టేట్ నిర్మించినదే, 1998లో తెరిచారు. 1982 సూక్ అల్ మనాఖ్ షేరు పతనంలో చాలా కంపెనీలు కుదేలయ్యాయి. ఆ అనుభవం తరువాత కూడా నేల మీద ఊహాగానం ఆగలేదు.

ప్రైవేటు రంగాన్ని గృహ సంక్షేమంలోకి తేవడానికి 1995లో 27వ నంబరు చట్టం వచ్చింది. ఖాళీ ప్రభుత్వ భూములను ప్రైవేటు సంస్థలు అభివృద్ధి చేయవచ్చన్నది దాని సారం. శివారు నగరాల స్థాయిలో అది పెద్దగా ముందుకు సాగలేదు. 2008లో ధరలు మండిపోతుండగా ప్రభుత్వం ఎదురు దిశకు తిరిగింది. ఆ ఏడాది వచ్చిన 8, 9 నంబరు చట్టాలు ప్రైవేటు నివాస ప్లాట్లలో కంపెనీలు, వ్యాపార సంస్థలు లావాదేవీలు చేయకుండా అడ్డుపడ్డాయి. ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ జహ్రా పేటలో ఇంటి ప్లాట్లు కొని, లేఅవుట్ వేసి, అమ్ముకునే మార్గం దీంతో మూసుకుపోయింది. ప్రభుత్వ పేటల్లో ‘ప్రైవేటు నివాసం’ (విడి ఇళ్లు), ‘పెట్టుబడి’ (అద్దె ఫ్లాట్లు), ‘వాణిజ్యం’ అని జోన్లు వేరు. కంపెనీలకు రెండోది, మూడోది మాత్రమే మిగిలాయి. జహ్రా పాత పట్టణంలో విదేశీ ఉద్యోగులు అద్దెకుండే ఎత్తు భవనాలు ఉన్నది పెట్టుబడి జోనులోనే.

చట్టం ఆశించినట్టు ధరలు తగ్గాయా అంటే కాదు. ప్లాట్లు చేతులు మారేది వ్యక్తుల మధ్యనే. 2023లో 118వ నంబరు చట్టం తిరిగి తలుపు తెరిచింది. నివాస నగరాలు కట్టడానికి వాటా కంపెనీలు ఏర్పాటు చేసే అవకాశం దీనివల్ల వచ్చింది. అదే ఏడాది వాడకుండా ఉంచిన నివాస స్థలాలు ఒక వ్యక్తికి 1,500 చదరపు మీటర్లు మించితే రుసుము విధించే చట్టమూ వచ్చింది. మొదటిది సరఫరా పెంచడానికి, రెండోది దాచిపెట్టిన నేలను మార్కెట్‌లోకి లాగడానికి. రెండింటి ఫలితాన్ని తూచే కాలం ఇంకా రాలేదు.

జహ్రా గవర్నరేట్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నీడ పెద్దగా కనిపించేది ‘సిల్క్ సిటీ’ ఆలోచనలో. అఖాతానికి ఉత్తరాన సుబియాలో లక్షల జనాభాకు నగరం, అందులో ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ తలపుకు వచ్చేలా 1,001 మీటర్ల గోపురం. ఈ ఊహను ఆర్కిటెక్ట్ ఎరిక్ కూన్‌తో తమ్దీన్ రియల్ ఎస్టేట్ 2006 ప్రాంతంలో ముందుకు తెచ్చింది. ప్రభుత్వం తరువాత దీన్ని తన ప్రణాళికల్లోకి తీసుకుంది. వంతెన పూర్తయింది. గోపురం నమూనాలోనే ఉంది.

తెలుగువారికి సంబంధించినంతవరకు

1970ల నుంచి ఉమ్మడి కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి, ఉభయ గోదావరి జిల్లాల నుంచి జనం కువైట్‌కు వెళుతున్నారు. భవన నిర్మాణ కూలీలుగా కొందరు, ఇంటి డ్రైవర్లుగా, వంటమనుషులుగా, ఆయాలుగా ఎక్కువమంది. ఇళ్లలో పనిచేసేవారి వీసాను మనవాళ్లు ‘ఖాదిం వీసా’ అంటారు, అధికారికంగా అది 20వ నంబరు అఖామా (నివాస అనుమతి). కంపెనీల్లో పనికి 18వ నంబరు.

జహ్రా శివార్లు విస్తరించడానికి ఈ వలసతో నేరుగా సంబంధం ఉంది. ప్రతి కొత్త ఇంటిలో డ్రైవరు గది, పనిమనిషి గది ప్లాను గీసేటప్పుడే ఉంటాయి. రాజధానికి, పిల్లల బళ్లకు, ఆసుపత్రికి కారు తప్ప వేరే దారి లేని పేటలో డ్రైవరు లేకపోతే ఇల్లు నడవదు. ఫ్లాట్లు వద్దని, విడి ఇళ్లతో దూరంగా పరుచుకుపోయిన ప్రణాళికే ఆ పనివారి గిరాకీకి ఒక కారణం. ఇలా ఇసుక మీద గీసిన ప్లాటుకూ, రాజంపేటలో పాస్‌పోర్టు కోసం నిలబడ్డ మనిషికీ నడుమ ముడి ఉంది. గృహ కార్మికుల 68వ నంబరు చట్టం 2015లో వచ్చింది, 2016లో నెలకు 60 దీనార్ల కనిష్ఠ వేతనం నిర్ణయించారు. పని గంటలు, వారాంతపు సెలవు కాగితం మీద ఉన్నా ఇంటి తలుపు లోపల అవి అమలయ్యే తీరు ఇంటిని బట్టి మారుతుంది.

జహ్రా పేటల్లో ఎంత కాలం పనిచేసినా విదేశీయుడికి అక్కడ ఇల్లు సొంతం కాదు. 1979లో వచ్చిన 74వ నంబరు చట్టం విదేశీయుల స్థిరాస్తి హక్కులను బాగా కుదించింది. కూడబెట్టిన దీనార్లు సొంత ఊరికే వస్తాయి. రాజంపేట, రాయచోటి, కడప చుట్టుపక్కల కొత్త లేఅవుట్లలో, పెళ్లిళ్లలో, అప్పులు తీర్చుకోవడంలో అవి కనిపిస్తాయి. ఒక నేల మీద ప్రైవేటు కంపెనీలు ప్లాటు అమ్మలేవు, ఆ నేల నుంచి వచ్చిన డబ్బుకు మరో నేల మీద ప్రైవేటు వెంచర్లు పోటీపడతాయి.

జహ్రా గవర్నరేట్‌లో మరో తెలుగు ఉనికి శివారు ఇళ్లలో కాదు, పొలాల్లో. అబ్దలీ, సులైబియా తోటల్లోనూ, కబ్ద్, సాల్మీ వైపు పశువుల కొట్టాల్లోనూ పనిచేసేవారు ఉన్నారు. కొత్త నగరాలకు నేల కావలసి వచ్చినప్పుడల్లా ముందు కదిలించేది ఈ కొట్టాలనే కాబట్టి, నగరం విస్తరించిన ప్రతిసారీ వీరి పని ఇంకొంచెం దూరపు ఎడారికి జరుగుతుంది.

ప్రస్తుత స్థితి, విమర్శలు

సంస్థ ఎదుట ఉన్న ప్రధాన సమస్య దరఖాస్తుల రాశి. పదేళ్లకు పైగా వేచి ఉన్నవారితో కలిపి పెండింగులో ఉన్న దరఖాస్తులు దాదాపు లక్షదాకా చేరాయి. ముత్లా పంపకం దీన్ని కొంత తగ్గించినా పెళ్లి చేసుకునే కొత్త తరం వరుసను మళ్లీ నింపుతుంది. కువైటీ జనాభాలో యువత వాటా ఎక్కువ కావడంతో ఈ సంఖ్య స్థిరంగా ఉండడం లేదు.

విమర్శకులు మూడు విషయాలు ఎత్తిచూపుతారు. ఒకటి, 400 చదరపు మీటర్ల ప్లాటు, విడి ఇల్లు, కారు అన్న నమూనా నీరు, విద్యుత్తు, ఇంధనం విషయంలో ఖరీదైనది. సముద్రపు నీటిని శుద్ధి చేసి తాగే దేశంలో ప్రతి కొత్త పేట ఆ బరువును పెంచుతుంది. రెండు, చమురు ధర పడినప్పుడు ఉచితానికి దగ్గరగా ఇచ్చే భూమి, వడ్డీలేని రుణం ప్రభుత్వానికి ఎంతకాలం సాధ్యమన్నది. మూడు, తెగల వారీగా శివార్లలో గుమిగూడే ధోరణి. జహ్రాలో బెదూయిన్ మూలాల కుటుంబాలు, నగరానికి దగ్గరి పేటల్లో పాత పట్టణ కుటుంబాలు ఎక్కువగా ఉండటానికీ, 1950లలో ప్లాట్లు పంచిన తీరుకూ సంబంధం ఉందని పరిశోధకులు అంటారు. పార్లమెంటు నియోజకవర్గాలు కూడా ఆ తేడాను అద్దంలా చూపేవి. 2024 మేలో అమీర్ పార్లమెంటును రద్దు చేసి రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను నాలుగేళ్ల వరకు నిలిపివేశాక ఆ వేదిక మూతపడింది.

సమర్థకుల వాదన వేరు. ఎక్కడో గుడారంలో పుట్టిన తాతకు మనవడు మూడంతస్తుల ఇంట్లో ఉండేలా యాభై ఏళ్లలో మార్చిన సంస్థ మరొకటి లేదని వారు అంటారు. తైమా, సులైబియాలోని పాత ఇళ్లను తొలగించి కొత్తవి కట్టే ప్రతిపాదనలు చాలాకాలంగా ఉన్నాయి. కానీ అక్కడున్నవారిలో ఎవరికి కొత్త ఇల్లు దక్కుతుందన్నది పౌరసత్వం సంగతి తేలేదాకా గృహ సంక్షేమ సంస్థ ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు.